అరవై నాలుగు టన్నుల ప్రభుత్వ నౌక

మా శాఖ పుట్టడానికి కారణం ఒక పెద్దాయన గారి బావమరిది.

పెద్దాయనంటే సచివాలయంలో బాగా పై అంతస్తులో కూర్చునే మనిషి. ఒక ఆదివారం బావమరిది ఇంటికి భోజనానికి వెళ్తే, ఆ బావమరిది చెయ్యి కడుక్కోకుండానే కంప్యూటరు ముందు చేరి ఏదో ఆట ఆడుతున్నాడట. తెర మీద ఆకాశం, ఆకాశంలో ఓడ, ఓడ నిండా గోధుమలు. ఒక చుక్క దగ్గర కొంటాడు, ఇంకో చుక్క దగ్గర అమ్ముతాడు. "ఇవాళ ఒక్కరోజే పన్నెండు కోట్లు మిగిలాయి బావా" అన్నాడట. అవి ఆటలో కోట్లని అతను చెప్పడం మరిచాడో, చెప్పినా ముద్దపప్పు ముందు పెద్దాయన వినిపించుకోలేదో నాకు తెలియదు. సోమవారం పదకొండు గంటలకల్లా ఒక నోట్ కదిలింది. "అంతరిక్షంలో ఇంత వ్యాపారం జరుగుచుండగా అందులో మన రాష్ట్రం వాటా ఎంత?"

వాటా సున్నా అని తేలింది. మూడు నెలల్లో అంతరిక్ష వాణిజ్య సంచాలకాలయం వెలసింది. ప్రయోగాత్మకంగా మా జిల్లాను ఎంచుకున్నారు. మా ఊళ్లో పాత భూసార పరీక్షా కేంద్రం భవనం ఖాళీగా పడి ఉండటం తప్ప అందుకు వేరే కారణం ఏమీ లేదు.

నా పేరు పురుషోత్తం. సీనియర్ అసిస్టెంటును. ఇరవై రెండేళ్లలో ఆరు శాఖలు తిరిగాను. పట్టుపురుగు మొహం ఎన్నడూ చూడకుండా పట్టుపురుగుల మీద నాలుగేళ్లు నోట్లు రాసినవాణ్ని. కనుక అంతరిక్షం అనగానే నాకేమీ చెమటలు పట్టలేదు. పాత ఫైలు ఒకటి పక్కన పెట్టుకుంటే ఏ కొత్త ఫైలయినా నడుస్తుందని నా అనుభవం.

మా పైన జాయింట్ డైరెక్టర్ చక్రపాణి గారు. ఆయనకు టీ తాగాలనిపిస్తే "తేనీటి విషయమై తగు చర్య తీసుకోవచ్చును" అంటారు. కింద స్వరూప అని కాంట్రాక్టు మీద వచ్చిన డేటా ఎంట్రీ ఆపరేటరు. మొత్తం ఆఫీసులో ఆ ఆట సంగతి తెలిసింది ఆ అమ్మాయి ఒక్కదానికే. అందుకని ఆమెను ఏ మీటింగుకూ పిలిచేవాళ్లం కాదు.

ఆ ఆటలో మా శాఖ తరఫున నౌక నడపడానికి మనిషి కావాలి. ఆ పోస్టుకు అర్హతలు రాయమని ఫైలు నా దగ్గరికి వచ్చింది. నేను ప్రభుత్వ వాహన చోదకుల నిబంధనలు తీసి యథాతథంగా దించాను. హెవీ వెహికిల్ లైసెన్సు, పదేళ్ల అనుభవం, కంటి పరీక్ష, తెలుగు చదవను రాయను వచ్చి ఉండాలి. కంప్యూటరు అనే మాట పాత నిబంధనల్లో లేదు కనుక కొత్తవాటిలోనూ రాలేదు.

అలా వచ్చాడు జంగిలి ఓదెలు. యాభై రెండేళ్ల మనిషి, ఇరవై ఏడేళ్లు లారీ నడిపాడు. నడుములో డిస్కు జరిగితే ఓనరు "ఇగ దిగు ఓదెలూ" అని సీట్లోంచి దింపేశాడు. ఏడాదిగా పని లేదు. నియామక పత్రం చేత్తో పట్టుకుని హాలంతా కలియజూశాడు.

"సారూ, బండేది?"

స్వరూప తెర చూపించింది.

"గిది టీవీ గదమ్మా?"

"బండి దాంట్లనే ఉంటదన్నా."

"డీజిలు?"

"దాంట్లనే."

"టైర్లు?"

"ఉండయి."

ఓదెలు నా వైపు చూశాడు. నేను సంతకం పెట్టాల్సిన చోటు చూపించాను. ఆయన కుర్చీ వీపును చేత్తో నొక్కి చూశాడు, మెల్లగా కూర్చున్నాడు, వెనక్కి వాలాడు. "నడుముకు ఆనుడు మంచిగున్నది. గిదే సీటయితె నేను జేస్త" అన్నాడు.

నియామక పత్రంలో చివరి పేరా నేను రాసిందే. ఉద్యోగం ఆరు నెలలు. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదు లోపు కనీసం ఒక్క ట్రిప్పు సరుకు గమ్యం చేర్చితే సర్వీసు క్రమబద్ధం. చేర్చని పక్షంలో ఏ నోటీసూ లేకుండా తొలగింపు. ఓదెలు దాన్ని వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు.

"అంటె ఒక్క ట్రిప్పు గొడ్తె పర్మినెంటా సారూ?"

"ఒక్కటి చాలు."

"మా లచ్చవ్వ ముప్పై ఏండ్ల సంది బీడీలు జేస్తది సారూ. ఇప్పుడు దారం కండ్లకు ఆనుత లేదు. దగ్గొకటి పట్టుకున్నది. బంద్ జెయ్యవే అంటె, నీ నడుమిట్లాయె, నేను గూడ బంద్ జేస్తె తిండెట్ల అంటది. నాకు పర్మినెంటయిన దినం దాని ఒళ్లకెంచి బీడీల చాట గుంజి అటకెక్కిస్త, సూడుండ్రి."

"మంచిది" అన్నాను. ఆరు నెలల్లో ఒక్క ట్రిప్పు ఎవడైనా కొడతాడని నేనూ అనుకున్నాను.

మొదటి రోజు ఓదెలు నౌకను పద్నాలుగుసార్లు గుద్దాడు. ఆ ఆటలో స్టేషన్లు గిర్రున తిరుగుతుంటాయి. వాటికొక వాకిలి ఉంటుంది, దానిలోంచి లోపలికి పోనివ్వాలి. ఓదెలుకు అది చేతకాలేదు. మూడో రోజు స్వరూప "అన్నా, నువ్వు ఓడ అనుకోకు. గోదాముల లారీ రివర్స్ వెట్టుతున్న అనుకో" అంది. ఇంక చూడాలి! తల పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, క్లీనరు పిలుపులు కూడా తనే పిలుచుకుంటూ, "రానీ... రానీ... లెఫ్టు కొట్టు... ఆఁ, బస్!" అని దూదిమూట దింపినట్టు దింపాడు. పదకొండు రోజుల్లో ఆ వాకిట్లోంచి కళ్లు మూసుకుని దూరేవాడు. స్వరూప చప్పట్లు కొట్టింది. అక్టోబరు పన్నెండు నాటికి మా డ్రైవరు తయారు. నౌకే తయారు కాలేదు.

ఆటలో ఖాళీ నౌక తీసుకుని, దానిలో మనకు కావలసినవి మనమే అమర్చుకోవాలి. మాకు దొరికిన దాని సామర్థ్యం అరవై నాలుగు టన్నులు. స్వరూప ఒక చీటీ మీద రాసి ఇచ్చింది. పెద్ద ఇంధన ట్యాంకు, దెబ్బలు తగలకుండా రక్షణ కవచం, మిగతాదంతా సరుకు. చక్రపాణి గారు ఆ చీటీని కొసన పట్టుకుని చూశారు.

"అమ్మాయీ, ఇది అభిప్రాయం. మనకు కావలసినది ప్రతిపాదన" అన్నారు.

నౌకా సజ్జీకరణ కమిటీ పడింది. అది ఐదు నెలల్లో తొమ్మిదిసార్లు కూర్చుంది. మొదటి సమావేశంలోనే, జాయింట్ డైరెక్టరు ఎప్పుడైనా ఆకస్మిక తనిఖీకి వెళ్లవలసి రావచ్చు గనుక హోదాకు తగిన చాంబరు, స్నానాలగదితో సహా, పదహారు టన్నులు అన్నారు. ఆట ఒప్పుకుంటుందా అంటే ఒప్పుకుంటుంది. సరుకు అరలు పీకేసి గదులు పెట్టుకోవచ్చు. దాంతో అందరికీ ధైర్యం వచ్చింది. రికార్డు గది లేని కార్యాలయం ఉండదు కాబట్టి దానికి పదహారు. ఆడిట్ వారు వస్తే నిలబెడతామా? ఎనిమిది. సమావేశ మందిరం ఎనిమిది, సందర్శకుల గది ఎనిమిది. విరిగిన కుర్చీలను వేలం వేసే దాకా ఎక్కడ ఉంచాలని స్టోర్సు వాళ్లు లేచి అడిగితే వాళ్లకో నాలుగు. ఫిర్యాదుల పెట్టెకు, నోటీసు బోర్డుకు కలిపి రెండు.

కవచం తీసేశారు. "దాడి జరుగునని ముందే ఊహించి వ్యయం చేయుట శాంతిభద్రతల పట్ల అవిశ్వాసము ప్రకటించుటే అగును" అని చక్రపాణి గారు చెప్పగా మినిట్సులో నేనే రాశాను.

ఓదెలు తెర మీద నౌక నక్షా చూసి నోరు తెరిచాడు. "సారూ, గిది లారీనా, కలెక్టరాఫీసా? లోడేడ వెయ్యాలె?"

"రెండు టన్నులు మిగిలింది ఓదెలూ."

"రెండు టన్నులకు ట్రాలీ ఆటో సాలదా సారూ?" అన్నాడు. నేను ఆ ప్రశ్నను ఫైల్లో పెట్టలేదు.

తరువాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు. ప్రభుత్వ వాహనం ఏదైనా అది లేకుండా కదలరాదు. మోటారు వాహనాల తనిఖీ అధికారిని మా వైపు జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆయన ఫారం పట్టుకుని వచ్చి ఓదెలు పక్కన నిలబడ్డాడు.

"ఊఁ, నడుపు."

నడిపాడు.

"బ్రేకు కొట్టు."

"బ్రేకు ఉండది సారూ. బండిని ఉల్టా దిప్పి ఇంజను ఎయ్యాలె, గప్పుడాగుతది."

"ఎంత దూరంలో?"

"నలభై కిలోమీటర్లల్ల."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూశాడు. "బ్రేకుల్లేని బండికి సర్టిఫికెట్టు ఎట్లిస్తరయ్యా? ఇంతకుముందు నిన్నెక్కడో చూసిన నేను."

"సూసిండ్రు సారూ. గడ్డి లారీతోని వచ్చిన మీ కాడికి. పాస్ జేసిండ్రు. దానిక్కూడ బ్రేకులు లేకుండె."

పెన్ను మళ్లీ తెరుచుకుంది. బ్రేకుల గడిలో "సంతృప్తికరం" అని పడింది. కానీ వెనక వైపు "హారన్ కొట్టుము" అని రాయించాలని షరతు పెట్టాడు. శూన్యంలో శబ్దం వినపడదు సర్ అని స్వరూప అంది. "వినపడకపోవడం వేరమ్మా, లేకపోవడం వేరు. హారన్ ఉండాల్సిందే" అన్నాడాయన. స్వరూప నౌక వెనక పసుపురంగు వేసి ఎర్ర అక్షరాలతో రాసింది. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగుంది.

సరుకు ఏమిటన్నది పెద్ద చర్చ అయింది. ఎక్కడ చవకగా దొరుకుతుందో ఎక్కడ గిరాకీ ఉందో స్వరూప పట్టిక వేసి ఇస్తే చక్రపాణి గారు అదిరిపడ్డారు. "తక్కువకు కొని ఎక్కువకు అమ్ముటయా? దానిని దళారీతనమందురు. రేపు విజిలెన్సు వారు అడిగిన నేనేమి చెప్పవలెను? కొన్న ధరకే అమ్మవలెను." చివరికి రెండు టన్నుల మంచినీళ్లు ఖాయమయ్యాయి. మంచినీళ్ల మీద ఎవరూ పిటిషను పెట్టరని ఆయన నమ్మకం. ఏడో నంబరు స్టేషనులో ఎక్కించాలి, నీటి ఎద్దడి ఉన్న నలభై ఒకటో నంబరు స్టేషనులో దించాలి. మధ్యలో ఆరు దూకుళ్లు. ఆ ఆటలో ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకాలి, దూకిన ప్రతిసారీ ఇంధనం ఖర్చవుతుంది.

ఇక్కడే నా చెయ్యి పడింది. ఇంధనం మంజూరు ఉత్తర్వుకు నమూనా వెతికితే బోరుబావుల పథకం ఫైలు దొరికింది. బోరు వేసేవాడికి సగం ముందు, పని పూర్తయినట్టు ధ్రువపత్రం పెట్టాక మిగతా సగం. చక్కటి క్లాజు. దానిని అలాగే దించాను. "నీరు పడని పక్షంలో" అనే ముక్క కూడా పొరపాటున ఉండిపోయింది. పది మంది సంతకాలు పెట్టారు, ఒక్కరూ చూడలేదు.

మార్చి ఇరవై ఎనిమిదిన ప్రారంభోత్సవం. పెద్దాయనే వచ్చారు. ఉదయం పది గంటల ముహూర్తానికి ఒంటిగంటకు వచ్చారు. అప్పటిదాకా నౌక ఇంజిను నడుస్తూనే ఉంది, ఇంధనం కరుగుతూనే ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా? టైర్లు లేవు కనుక ఓదెలు కుర్చీ చక్రాల కింద పెట్టి పెద్దాయన చేత వెనక నుంచి ఒక్క తోపు తోయించారు. ఓదెలు "అవ్వో!" అని నడుం పట్టుకున్నాడు. నిమ్మకాయలు చితికాయి. కొబ్బరికాయ కంప్యూటరు ముందే కొట్టారు. ఆ నీళ్లు కీబోర్డులోకి పోకుండా స్వరూప చున్నీ అడ్డం పెట్టింది. పచ్చజెండా ఊపారు. అందరం ఆకాశం వైపు చూసి దండం పెట్టుకున్నాం. నౌక మాత్రం బల్ల మీద ఉంది.

మూడు దూకుళ్లు ఓదెలు వెన్నలా చేశాడు. మూడోదాని తర్వాత ఇంధనం అయిపోయింది. నలుదిక్కులా నల్లటి శూన్యం, మధ్యలో పసుపురంగు నౌక.

"ఎండల నడి రోడ్డు మీద నిలవడ్డట్టున్నది సారూ" అన్నాడు ఓదెలు. "ముంగట ఇంకో మూడు దుంకులే. మిగిలిన డీజిలు అడుగుండ్రి."

అడిగాం. హెడ్డాఫీసు నుంచి గంటలో జవాబు వచ్చింది. గమ్యం చేరినట్లు ధ్రువపత్రం సమర్పించిన వెంటనే రెండవ విడత విడుదల చేయబడును.

"ఇంధనం లేకుండా గమ్యం ఎలా చేరుతుంది సర్?" అని నేను చక్రపాణి గారిని అడిగాను.

"అది క్షేత్రస్థాయి సమస్య, పురుషోత్తం."

ఇరవై తొమ్మిది పోయింది, ముప్పై పోయింది. ఓదెలు కుర్చీలోంచి లేవలేదు. అన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని తెర వంకే చూస్తూ తిన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ముప్పై ఒకటి ఉదయం పదకొండుకు తెర మీద ఒక ఎర్రచుక్క మెరిసింది. అది దగ్గరికి వచ్చి ఓడయింది. ముక్కు నిండా తుపాకులు. స్వరూప లేచి వచ్చి తెర చదివింది.

"దోపిడీవాడు సర్. ఈ ఆటలో ఉంటరు వీళ్లు. 'సరుకు వదిలెయ్, లేకుంటే పేల్చేస్తా' అని రాసిండు. ఓడ పేలితే మళ్లా ఏడో నంబరు నుంచి మొదలువెట్టాలె. ఇయ్యాల కాదు."

చక్రపాణి గారు తెర దగ్గరికి వచ్చి కళ్లజోడు సవరించుకున్నారు. "ఇందులో కంగారు పడవలసినదేమి? ఇది చెక్‌పోస్టు. సరుకు వివరములు కోరుచున్నారు. ప్రత్యుత్తరము వ్రాసుకో. 'అయ్యా, తమరి ఆదేశమును సూచికగా గ్రహించి తెలియజేయునది ఏమనగా, పై నౌక ప్రభుత్వమునకు చెందినదై ఉన్నందున, తమరి అధికార పరిధిని, హోదాను, గుర్తింపు కార్డు నకలును జతపరచి మూడు ప్రతులలో...'"

స్వరూప టైపు చేస్తోంది. ఆ ఆటలో ఒకసారికి రెండు వరుసలే పోతాయి, కనుక ఉత్తరం పదకొండు ముక్కలుగా వెళ్లింది. దొంగ పేల్చలేదు. బహుశా అర్థం కాక ఆగిపోయి ఉంటాడు. "దీనికి అసలు ప్రతి ఉండవలెను" అంటూ చక్రపాణి గారు సంతకానికీ, అవుట్‌వర్డ్ నంబరుకూ తన గదిలోకి వెళ్లారు.

అప్పుడు దొంగ మా నౌక లోపల ఏముందో వెతికి చూశాడు. కాసేపటికి వాడి మాటలు ఒక్కొక్కటీ తెర మీద పడ్డాయి. స్వరూప చదివి వినిపించింది.

"'ఇదేంది, సమావేశ మందిరమా?' అంటున్నడు సర్. 'ఫిర్యాదుల పెట్టె ఎందుకు?' అంటున్నడు... 'రెండు టన్నుల నీళ్లా, అంతేనా?' అంటున్నడు." ఆ అమ్మాయి తెర మీదికి వంగింది. "'నేను మూడేండ్ల సంది దోస్తున్న గని ఇసొంటి బతుకు సూడలె. నీకేమన్న కావాల్నా అన్నా?' అని అడుగుతున్నడు."

ఓదెలు వెంటనే, "డీజిలు అడుగమ్మా" అన్నాడు.

స్వరూప నా వైపు చూసింది. ప్రభుత్వోద్యోగి బయటివారి నుంచి ఏదీ స్వీకరించరాదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను బీరువా తెరిచి, దానిలో తల పెట్టి, లేని ఫైలు కోసం వెతకడం మొదలుపెట్టాను. నేను తల బయటికి తీసేసరికి ట్యాంకు నిండిపోయి ఉంది. దొంగ వెళ్లిపోయాడు.

మూడు దూకుళ్లు. ఓదెలు పెదాలు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. నలభై ఒకటో నంబరు స్టేషను తిరుగుతూ కనపడింది. తల వాల్చాడు, కన్ను మూశాడు. "రానీ... రానీ... ఆఁ, బస్!" పన్నెండు దాటి పది నిమిషాలకు రెండు టన్నుల నీళ్లు దిగాయి. స్టేషను వాళ్లు కృతజ్ఞతలు చెప్పినట్టు తెర మీద ఒక వరుస వెలిగింది. స్వరూప ఎగిరి గంతేసింది. నేను కూడా ఫైలుతో బల్ల మీద కొట్టాను. ఓదెలు జేబులోంచి ఫోను తీశాడు.

"లచ్చవ్వా, ముట్టింది! ముట్టిందే! చాట అటకెక్కియ్యి! అగో, ఏడుస్తవేందే?" అంటూ ఆయనే ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడు చక్రపాణి గారు సంతకం చేసిన ఉత్తరంతో వచ్చారు. విషయం విన్నారు. ముఖం వికసించింది. ఆ తరువాత మెల్లగా ముడుచుకుంది.

"ఏ ఇంధనముతో చేరినది?"

తెర మీద అంతా ఉంది, ఆయన చదువుకున్నారు.

"మంజూరు కాని ఇంధనము. అదియును ప్రైవేటు వ్యక్తి నుండి. అతడును దోపిడీదారుడు! ఈ ప్రయాణమును ప్రయాణముగా గుర్తించుటకు వీలులేదు. దిగుమతి చేసిన నీటిని తిరిగి ఎక్కించి, నౌకను ఇంధనము తీరిన స్థలమునకు చేర్చి, మిగిలిన అనధికార ఇంధనమును అక్కడక్కడే తిరిగి తిరిగి ఖర్చు చేసి, ట్యాంకు ఖాళీ చేయవలెను. మంజూరైన ఇంధనము వచ్చిన పిమ్మట అక్కడి నుండి ప్రయాణము కొనసాగింపవచ్చును."

"సారూ, నీళ్లు ముట్టినయ్ గద. ఆళ్లు దాగుతరు గద. మల్ల గుంజుకొస్తరా?" అన్నాడు ఓదెలు.

"భావోద్వేగమునకు తావులేదు. పురుషోత్తం, సాయంత్రము ఐదు గంటలకు ఇతని తొలగింపు ఉత్తర్వు సిద్ధము చేయుము. ఒక్క ట్రిప్పు కూడా పూర్తి కాలేదు."

ఓదెలు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "సారూ, ఇప్పుడు దానికేమని జెప్పాలె? అటకెక్కించిన చాట మల్ల దించుమని జెప్పాన్నా?" అన్నాడు. "దొంగోనికి దయ గల్గింది సారూ. మీ కాగితాలకెందుకు గల్గదు?"

నాకు ఒళ్లు మండిపోయింది. చక్రపాణి గారి మీద కాదు, ఆయన ఎప్పుడూ అంతే. ఆ సగం సగం క్లాజు నాది. ఆ చివరి పేరా నాది. హాయిగా పక్క ఫైల్లోంచి దించుకుని, టీ తాగి, ఇంటికి పోయాను. ఇరవై రెండేళ్లలో ఎన్ని దించానో, ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడిపోయారో నేను ఏనాడూ వెళ్లి చూడలేదు.

చోదకుల నిబంధనలు మళ్లీ తీశాను. ఈసారి చదివాను. రెండు గంటలు చదివితే దొరికింది. "మార్గమధ్యమున ఉన్న వాహనము గమ్యము చేరి అప్పగింత పూర్తియగు వరకు, సదరు చోదకుని ఏ కారణముచేతను విధుల నుండి తొలగించరాదు. అట్లు తొలగించిన, వాహనపు సంపూర్ణ బాధ్యత తొలగించిన అధికారికే చెందును."

నా జీవితంలో అంత శ్రద్ధగా నోట్ రాయలేదు. జాయింట్ డైరెక్టరు గారి ఈనాటి ఉత్తర్వు ప్రకారం నౌక మార్గమధ్యమున ఉన్నది. కనుక చోదకుని తొలగించుటకు వీలులేదు. గమ్యం చేరే వరకు అతనికి పూర్తి జీతం, ఆరోగ్య కార్డు చెల్లును. తొలగించదలచిన పక్షంలో రేపు ఉదయం పదిన్నర నుంచి జాయింట్ డైరెక్టరు గారే స్వయంగా ఆ కుర్చీలో కూర్చొని నౌకను కాపాడవలసి ఉండును.

చక్రపాణి గారు నోట్‌ను మూడుసార్లు చదివారు. వెనక్కి తిప్పి కూడా చూశారు. ఐదుకు పది నిమిషాలుండగా సంతకం పెట్టారు.

ఈలోగా ఓదెలు నీళ్లు మళ్లీ ఎక్కించుకుని, నౌకను ఆ శూన్యంలోకి తిప్పుకొచ్చి, ఇంధనం అయిపోయే దాకా ఉన్నచోటే గానుగెద్దులా తిప్పాడు. ఇక అది కదలాలంటే ఇంధనం కావాలి. ఇంధనానికి ధ్రువపత్రం కావాలి, ధ్రువపత్రానికి గమ్యం చేరాలి. ఆ ముడి ఎవడూ విప్పలేడు. వేసినవాణ్ని నేనే కదా, నాకు తెలుసు.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. ఒక్క ప్రమాదమూ జరగని రవాణా విభాగంగా మాకు రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రం వచ్చింది. చక్రపాణి గారు శాలువా కప్పించుకుని వచ్చారు. లచ్చవ్వ బీడీలు మానేసింది. కార్డు మీద కళ్లకు ఆపరేషను కూడా అయింది. ఒకసారి ఆఫీసుకు సర్వపిండి చేసి తెచ్చి నా చేతిలో పెట్టి, "మీ పేరు జెప్పుకొని తింటున్నం సారూ" అంది. నేను ఆమె మొహం చూడలేకపోయాను.

ఓదెలు రోజూ పదిన్నరకు వస్తాడు. తెర తుడుస్తాడు, కూర్చుంటాడు. పసుపు నౌక అక్కడే ఉంటుంది. ఐదుకు లేచి వెళ్తాడు.

నిన్న నేను ఆయన వెనక నిలబడి ఉండగా తెర మీద ఎర్రచుక్క మెరిసింది. ఆ దొంగే. నెలకొకసారి అటుగా పోతూ ఆగుతాడట. వాడి మాట తెర మీద పడింది. స్వరూప దూరం నుంచే చదివింది.

"'ఇంకా గీడనే ఉన్నవా అన్నా? ట్యాంకు నింపాల్నా?' అంటున్నడు."

ఓదెలు తల తిప్పి నా వైపు చూశాడు. "సారూ, ఇంక మూడు దుంకులే" అన్నాడు మెల్లగా. "ఆడ నీళ్ల కోసం సూస్తుంటరేమో."

"గడువు ఎప్పుడో దాటింది, ఇప్పుడు చేరితే ఉద్యోగం పోతుంది ఓదెలూ" అన్నాను.

"ఎర్కే సారూ."

కీబోర్డు మీద వంగి, స్వరూప నేర్పిన అక్షరాలను ఒక్క వేలితో వెతుక్కుంటూ, "వద్దు" అని కొట్టాడు. దొంగ వెళ్లిపోయాడు. బల్ల కింద ఓదెలు కుడికాలు మాత్రం యాక్సిలరేటరు తొక్కినట్టు నేలను గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది.